‘లేదు’ అని చెప్పే ముందు

పింఛను జాబితాలో పేరు, రికార్డు గదిలో ఫైలు, మందుల షాపు ర్యాకులో స్ట్రిప్పు, గోదాములో పార్సిలు, పోలింగ్ కేంద్రంలో ఓటరు క్రమసంఖ్య. మనలో చాలామందికి ఉద్యోగమంటే సగం వెతకడమే. అయినా వెతకడం ఎలాగో ఎవరూ నేర్పరు. కంప్యూటరు నేర్పుతారు, ఫైలులో నోటు ఎలా పెట్టాలో సీనియర్లు చెబుతారు. వెతకడం మాత్రం కళ్ళున్న అందరికీ వచ్చిన పనే అనుకుంటారు. ఒకరికి రెండు నిమిషాల్లో దొరికిన ఫైలు ఇంకొకరికి అరగంటకూ దొరక్కపోతే ‘ఆయనకు అలవాటు’ అని సరిపెట్టుకుంటాం.

ఆ అలవాటును విడదీసి చూస్తే అందులో ఎవరైనా నేర్చుకోదగ్గ పద్ధతి ఉంది. మనిషి చూపు ఎలా వెతుకుతుంది, జ్ఞాపకం దానికి ఎంతవరకు తోడొస్తుంది, ఎక్కడ చేయి వదిలేస్తుంది అన్నవాటి మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ప్రయోగాలు చేస్తున్నారు. కౌంటరు దగ్గర కూర్చునేవాళ్ళకు, రిజిస్టర్లు తిరగేసేవాళ్ళకు ఆ ఫలితాలు నేరుగా పనికొస్తాయి.

ఇది వేగం కోసమే కాదు. కౌంటరు అవతల నిలబడ్డ పెద్దావిడతో ‘మీ పేరు లేదమ్మా’ అంటే, ఆవిడ ఆ మాట నమ్మి ఇంటికి వెళ్ళిపోతుంది. పేరు ఉండీ మన కంట పడకపోతే ఆ నెల ఆమెకు ఎలా గడుస్తుందో మనకు తెలియదు. ఉన్నదాన్ని కనుక్కోవడం కన్నా లేదని తేల్చడం ఎప్పుడూ కష్టం. ఆ ‘లేదు’ అనే మాట ఏమేం చూశాక అనాలో తెలుసుకోవడమే ఈ పనిలో అసలు నేర్పు.

చూపు పరిధి చాలా చిన్నది

చేయి పూర్తిగా చాచి మీ బొటనవేలి గోరు వంక చూడండి. ఏ క్షణంలోనైనా కన్ను చిన్న అక్షరాలను స్పష్టంగా చదవగలిగేది సుమారుగా ఆ గోరంత మేరలోనే. చుట్టూ ఉన్నదంతా మసక మసకగానే అందుతుంది. పేజీ మొత్తం ఒకేసారి కనిపిస్తున్నట్టు అనిపించడానికి కారణం, కన్ను సెకనుకు మూడు నాలుగు సార్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకుతూ ఉండడం. అందుకే ‘పేజీ అంతా చూశాను’ అని మనకు గట్టిగా అనిపించినా, చూపు ఆనని వరుసలు అందులో ఉండిపోతాయి.

1980లో ఆన్ ట్రీస్‌మన్, గ్యారీ గెలేడ్ ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో పునాది లాంటిది. చుట్టూ ఉన్నవాటన్నిటి కన్నా వేరే రంగులో ఒకే ఒక్క గుర్తు ఉంటే, మిగతావి పదున్నా ముప్పై ఉన్నా అది ఇట్టే కంట పడుతుంది. అదే రంగు, ఆకారం రెండూ కలిపి గుర్తుపట్టమంటే ఒక్కొక్కదాన్నీ చూసుకుంటూ పోవాలి. చుట్టూ ఉన్నవి పెరిగినకొద్దీ పట్టే సమయమూ పెరుగుతుంది. జాబితాలో పేరు వెతకడం ఈ రెండో రకం పని.

ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయేటప్పుడు, వెతికేది ఉంటే సగటున సగం దూరంలోనే దొరుకుతుంది. లేకపోతే చివరిదాకా చూడాలి. అంటే లేదని తేల్చడానికి సుమారు రెట్టింపు శ్రమ. వెనక పదిమంది నిలబడి ఉన్నప్పుడు ఆ రెట్టింపు శ్రమ ఎవరూ పడరు. ముప్పావు వంతు చూసి, దొరకలేదు కాబట్టి లేదని చెప్పేస్తారు. ఆ తప్పుకు కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు, పని స్వభావమే అది. అందుకే వరుస కావాలి.

వరుస ఉంటే రెండు పక్కలు చూస్తే చాలు

కలగాపులగంగా ఉన్న కాగితాల్లో ఒకటి లేదని చెప్పాలంటే అన్నిటినీ చూడాలి. వరుసలో ఉన్నవాటిలో అలా కాదు. 741 కనిపించి, దాని పక్కనే 743 కనిపిస్తే, ఆ వరుసలో 742 లేదని తేలిపోయినట్టే. మొత్తం చూడనక్కర్లేదు, ముందుదీ తర్వాతదీ రెండూ కంటితో చూస్తే చాలు. వరుస మనకిచ్చే అతి పెద్ద మేలు ఇదే. చాలామంది ఈ మేలును సగమే వాడుకుంటారు. ఉండాల్సిన చోటికి సుమారుగా వెళ్ళి, అక్కడ కనబడలేదని వెనక్కి వచ్చేస్తారు. ఇరుగు పొరుగు రెండూ చూశామా అని తమను తాము ప్రశ్నించుకోరు.

పోలింగ్ కేంద్రంలో మొదటి పోలింగ్ అధికారి పని దీనికి మంచి ఉదాహరణ. ఆయన చేతిలో ఓటర్ల జాబితా మార్క్‌డ్ కాపీ ఉంటుంది. వెయ్యి దాకా పేర్లు. అవి అకారాది క్రమంలో ఉండవు, వీధి, ఇంటి నంబరు వెంట క్రమసంఖ్యలతో సాగుతాయి. పేరు పెట్టి వెతికితే ఒక్కొక్కటీ చూడాల్సిందే. ఓటరు స్లిప్పు మీది క్రమసంఖ్య చేతికొస్తే కథ మారిపోతుంది.

742 కావాలనుకోండి. ఒక్కో పేరుకు ఒక్కో పెట్టె, పేజీకి ముప్పై పెట్టెల చొప్పున ఉంటే 24 పేజీల్లో 720 పేర్లు అయిపోతాయి కాబట్టి, 742 ఉండేది పేర్ల పేజీల్లో 25వ దాంట్లో. అది 721తో మొదలవుతుంది. పెట్టెలు అడ్డంగా మూడేసి చొప్పున సాగుతాయి కాబట్టి ఎడమ అంచున 721, 724, 727 అని మూడేసి పెరుగుతూ దిగుతాయి. ఆ అంచు వెంటే వేలు దించితే ఎనిమిదో వరుసలో 742 తగులుతుంది. కొత్త వీధి మొదలైన చోట కొన్ని పెట్టెలు ఖాళీగా ఉంటే లెక్క ఒక పేజీ అటూ ఇటూ జరగవచ్చు, అంతే. ఈ అమరిక తెలియనివాళ్ళు సంఖ్యలు నిలువుగా సాగుతాయనుకుని మొదటి నిలువు వరుస అంతా చూసి, ఇక్కడ లేదని పేజీ తిప్పేస్తారు. పోలింగ్ విధులకు వెళ్ళేవాళ్ళు ముందు రోజు సాయంత్రం సామగ్రి సరిచూసుకునేటప్పుడే, పేర్లు మొదలయ్యే పేజీ ఏది, పేజీకి ఎన్ని, సంఖ్యలు అడ్డంగా సాగుతున్నాయా నిలువుగానా అని ఒక్కసారి చూసుకుంటే మర్నాడు ఉదయం రద్దీలో చేయి తడబడదు.

ఇలాంటి లెక్క కుదరని చోట సగం చేసుకుంటూ పోండి. వెయ్యి కాగితాల వరుసలో మధ్యకు తెరిచి, కావలసింది ముందుందా వెనకుందా చూసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేస్తే, ఎక్కువలో ఎక్కువ పది సార్లకు దాని చోటు తేలిపోతుంది. అనుభవమున్న చేయి ఇంకా తక్కువ సార్లకే చేరుకుంటుంది. ఎందుకంటే అది కచ్చితంగా మధ్యకు తెరవదు, కావలసింది ఎక్కడుండొచ్చో అంచనా వేసి అక్కడికే తెరుస్తుంది.

క్రమం తలలో ఉండాలి

ఆ అంచనాకు కావలసింది జ్ఞాపకం. ‘ద’ తర్వాత ‘బ’ వస్తుందా, ముందు వస్తుందా అని ఎవరినైనా అడిగి చూడండి. చాలామంది లోపల ‘త థ ద ధ న, ప ఫ బ’ అని చదువుకుంటారు. అక్షరమాలను మనం నేర్చుకున్నది వర్గాలుగా, ఒక లయలో. అందుకే మధ్యలోంచి నేరుగా అందుకోలేం, వర్గం మొదలుకు వెళ్ళి అక్కడి నుంచి నడుస్తాం. ఇంగ్లిష్ అక్షరాల మీద జరిగిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. మనుషులు అక్షరమాలను ముక్కలుగా గుర్తుంచుకుంటారు, ఏ అక్షరమైనా దాని ముక్క మొదటి నుంచే చేరుకుంటారు.

దీన్ని మనకు అనుకూలంగా మార్చుకోవచ్చు. రికార్డు గదిలోనో, తరగతుల వారీ రిజిస్టర్లలోనో తెలుగు క్రమం వాడేటప్పుడు అ, క, చ, ట, త, ప, య దగ్గర బయటికి పొడుచుకొచ్చేలా ఒక్కో అట్టముక్క పెట్టండి. అవి మన తలలోని మెట్లు ఉన్న చోటే ఉంటాయి కాబట్టి చేయి నేరుగా అక్కడికే వెళుతుంది. ఇంకో సంగతి. అక్షరమాల మధ్య, పేర్ల జాబితా మధ్య ఒకటి కాదు. రామ, లక్ష్మి, వెంకట, శ్రీ, సత్య, సుబ్బ లాంటివాటితో మొదలయ్యే పేర్లు మనకు ఎక్కువ. ఇవన్నీ అక్షరమాల చివరి భాగానివి. అందుకే జాబితాను మధ్యకు తెరిస్తే మీరనుకున్న దానికన్నా వెనకటి అక్షరాలు తగులుతాయి. మీ ఆఫీసు జాబితా ఏదైనా ఒకసారి తీసి, సరిగ్గా మధ్యలో ఏ అక్షరం ఉందో చూసి గుర్తు పెట్టుకోండి. ఆ ఒక్క అక్షరం రోజూ మీకు సమయం మిగిలిస్తుంది.

కొత్తగా చేరినవాళ్ళకు నేర్పేటప్పుడు కూడా ముందుగా చెప్పాల్సింది, ఈ వరుస దేన్నిబట్టి పెట్టారన్నదే. ఇంటిపేరును బట్టా, అసలు పేరును బట్టా, దరఖాస్తు వచ్చిన తేదీని బట్టా, గ్రామాన్ని బట్టా? ఇది తెలియకుండా వెతకడం మొదలుపెట్టినవాళ్ళు వరుసను కుప్పగానే చూస్తారు.

కంటికి గుర్తుండదు, వేలికి పని చెప్పండి

చూసిన చోటు మళ్ళీ చూడకుండా ఉండడానికి మన మెదడు దగ్గర కొంత ఏర్పాటు ఉంది. ఇప్పుడే చూసి వదిలిన చోటికి వెంటనే తిరిగి వెళ్ళడానికి చూపు కొంచెం వెనకాడుతుంది. అది ఎంత బలహీనమైందో 1998లో టాడ్ హొరోవిట్జ్, జెరెమీ వుల్ఫ్ చేసిన ప్రయోగం చూపింది. తెర మీది అక్షరాలను సెకనులో దాదాపు పదో వంతుకొకసారి చెల్లాచెదురుగా చోట్లు మార్చేశారు. ఎక్కడెక్కడ చూశామో గుర్తుపెట్టుకుంటూ వెతికేవాళ్ళకు ఇది పెద్ద దెబ్బ కావాలి. కానీ వెతకడం పెద్దగా మందగించలేదు. అంటే మామూలు వేళల్లోనూ ఆ జ్ఞాపకం మీద మనం పెద్దగా ఆధారపడడం లేదన్నమాట. అసలేమీ గుర్తుండదనడం అతిశయోక్తి అని తర్వాతి పరిశోధకులు వాదించారు. అయినా రోజుకు వందల పేర్లు చూసే మనిషి ఆ కాస్త జ్ఞాపకాన్ని నమ్ముకోకూడదు.

అందుకని వేలు పెట్టండి. వరుస కింద స్కేలు పెట్టి ఒక్కో వరుసే దించండి. కంప్యూటరు తెర మీదైతే ఎంచుకున్న అడ్డవరుసకు రంగు వచ్చేలా చేసుకోండి. మధ్యలో ఫోను మోగినా, ఎవరైనా పిలిచినా, సమాధానం చెప్పే ముందు ఆగిన చోట పెన్సిలు గీత పెట్టండి. తిరిగొచ్చాక ‘ఇక్కడిదాకా చూసినట్టున్నాను’ అనుకుని మొదలుపెట్టిన చోటే పేర్లు జారిపోతాయి.

పైకి చదవడం కూడా సాయం చేస్తుంది. రైలు ఇంజిన్లో లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్ సిగ్నల్ రంగును చేయి చూపి ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. జపాన్ రైల్వేల్లో వేలితో చూపి పేరు పలకడం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. దానివల్ల తప్పులు బాగా తగ్గాయని అక్కడి అధ్యయనాలు చెప్పాయి. చూపు, వేలు, నోరు ఒకే వస్తువు మీదికి వచ్చినప్పుడు మనసు ఇంకో చోటికి పోవడం కష్టం. పన్నెండంకెల ఆధార్ సంఖ్య సరిచూసేటప్పుడు నాలుగేసి అంకెలుగా పైకి చదివితే, ఎదుటి మనిషి కూడా తప్పును పట్టుకోగలడు. నాలుగే ఎందుకంటే, పనిలో ఉన్నప్పుడు మనసు ఒక్కసారిగా నిలుపుకోగలిగేది సుమారు నాలుగు అంశాలనే. నెల్సన్ కోవన్ 2001లో అనేక ప్రయోగాలను సమీక్షించి ఈ అంచనాకు వచ్చారు.

ఒకేసారి ఇరవై ఫైళ్ళు తీయాల్సి వస్తే ఒక్కో చీటీ పట్టుకుని ఇరవై సార్లు తిరగకండి. ముందు బల్ల దగ్గరే చీటీలను ర్యాకుల వరుసలో సర్దుకోండి. అప్పుడు ఒక్క నడకలో అన్నీ అయిపోతాయి. బాగా కంఠతా వచ్చిన వస్తువుల్లో ఏది ఎదురైనా పట్టుకోవడం మనిషికి అనుకున్నంత భారం కాదని వుల్ఫ్ 2012లో చూపించారు. గుర్తుంచుకున్నవి వందకు పెరిగినా వెతికే సమయం కొద్దిగానే పెరిగింది. ఎదురుగా ఉన్న వస్తువులు పెరిగినప్పుడు మాత్రం వాటికి తగ్గట్టే పెరిగింది. అంటే బరువంతా ర్యాకులోనే ఉంది. పనైపోయిన పాత ఫైళ్ళను అక్కడి నుంచి తీసి వేరే చోట పెట్టడం శుభ్రం కోసమే కాదు, రోజూ వెతికే శ్రమ తగ్గించడం కోసం కూడా.

వరుసే మోసం చేసే చోటు

వరుసకు ఒక చెడ్డ గుణం ఉంది. ఒకే తీరుగా ఉన్నవాటిని తెచ్చి పక్కపక్కన నిలబెడుతుంది. వెతికేదానికీ చుట్టూ ఉన్నవాటికీ పోలిక పెరిగినకొద్దీ వెతకడం కష్టమవుతుందని జాన్ డంకన్, గ్లిన్ హంఫ్రీస్ 1989లో వివరించారు. అకారాది క్రమం చేసే పని సరిగ్గా ఆ పోలికను పెంచడమే. వెంకటరమణ, వెంకటరమణమ్మ, వెంకటరమణయ్య జాబితాలో ఒకరి కింద ఒకరు ఉంటారు. చూపు సరైన చోటికే వెళుతుంది, చేయి పక్క వరుస మీద పడుతుంది.

మందుల షాపులో దీని బరువు ఇంకా ఎక్కువ. మందుల్ని ఇంగ్లిష్ అక్షరక్రమంలో సర్దితే అమియోడరోన్, అమిట్రిప్టిలిన్, అమ్లోడిపిన్ ఒకే అరలోకి వస్తాయి. మొదటిది గుండె లయ తప్పినవాళ్ళకు ఇచ్చేది, రెండోది డిప్రెషన్‌కూ నరాల నొప్పికీ వాడేది, మూడోది రక్తపోటుకు. ఒకదాని బదులు ఇంకొకటి వెళితే ఏమవుతుందో ఫార్మసిస్టుకు చెప్పనక్కర్లేదు. అమ్లోడిపిన్ ఒక్కదానిలోనే 2.5, 5, 10 మిల్లీగ్రాముల స్ట్రిప్పులు ఉంటాయి. పెట్టెల రంగులు దగ్గరగా ఉంటే, మొదటి రెండక్షరాలు చూసి మనసు మిగతా పేరును తానే పూరించేస్తుంది.

ఇందుకు చేయాల్సింది రెండు. మొదటిది, బాగా పోలిక ఉన్న మందులను వరుస తప్పించి కావాలనే దూరంగా పెట్టడం, అసలు చోట ‘ఫలానా అరలో ఉంది’ అని చీటీ అతికించడం. అమెరికా ఆసుపత్రుల్లో హైడ్రలజిన్, హైడ్రాక్సిజిన్ లాంటి జంట పేర్లలో తేడా ఉన్న భాగాన్ని మాత్రమే పెద్ద అక్షరాల్లో అచ్చు వేస్తారు. మన షాపులోనూ అర మీది చీటీలో ఆ భాగాన్ని మందంగా, వేరే రంగులో రాసుకోవచ్చు. రెండోది, మూడు సార్లు చదవడం: అరలోంచి తీసేటప్పుడు, డాక్టరు చీటీతో పోల్చేటప్పుడు, మనిషి చేతికిచ్చేటప్పుడు. నర్సులకు శిక్షణలో నేర్పేదీ ఇదే. మూడు చోట్లా పేరుతో పాటు మోతాదు అంకె కూడా చదవాలి.

ఆఫీసులో ఇదే సూత్రం ఇంకోలా పనికొస్తుంది. తేడా ఎక్కడుందో అక్కడే చూడండి. చాలా బ్యాంకుల్లో ఒకే బ్రాంచి ఖాతాల నంబర్లు మొదటి అంకెల్లో చాలావరకు ఒకేలా ఉంటాయి, తేడా చివరి అంకెల్లో ఉంటుంది. వాటిని ముందు నుంచి సరిచూస్తే, కలిసిన అంకెలు చూసి చూసి చివరికొచ్చేసరికి మనసు ‘సరే’ అనేస్తుంది. వెనక నుంచి సరిచూడండి.

అరుదైన తప్పును పట్టాల్సిన పని

కొందరి ఉద్యోగం ఇంకా కష్టం. దరఖాస్తుల్లో దొంగ పత్రాలు, బిల్లుల్లో తప్పు లెక్కలు, స్కానింగ్ తెర మీద ప్రమాదకర వస్తువు. వాళ్ళు వెతికేది చాలాసార్లు అక్కడ ఉండదు. 2005లో వుల్ఫ్, ఆయన సహచరులు చేసిన ప్రయోగంలో, వెతికేది రెండింట ఒకసారి ఉన్నప్పుడు మనుషులు 7 శాతం సార్లు దాన్ని వదిలేశారు. నూటికి ఒకసారి మాత్రమే ఉండేలా చేస్తే 30 శాతం సార్లు వదిలేశారు. ఉండదని అలవాటైన మనసు త్వరగా చేతులెత్తేస్తుంది.

ఇందులో రెండో ప్రమాదం, ఒక తప్పు దొరికాక వెతకడం ఆపేయడం. ఎక్స్‌రేలు చదివే వైద్యుల విషయంలో దీని మీద ఎంతో చర్చ జరిగింది. ఒక లోపం కనిపించగానే ‘దొరికింది’ అన్న తృప్తితో రెండోది కంట పడకుండా పోతుంది. బిల్లులో ఒక తప్పు దొరికితే దాన్ని రాసుకుని, మళ్ళీ మొదటి వరుస నుంచి చూడాలని ఆఫీసులో నియమం పెట్టుకోండి.

మూడోది అలసట. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ తెరల ముందు కూర్చునేవాళ్ళ సమస్య నుంచి మొదలుపెట్టి నార్మన్ మ్యాక్‌వర్త్ చేసిన ప్రయోగాలు 1948లో వెలువడ్డాయి. గడియారం ముల్లు అరుదుగా వేసే రెట్టింపు గెంతును పట్టుకోవాలి. మొదటి అరగంటలోనే పట్టుకునేవి గణనీయంగా తగ్గిపోయాయి. కాబట్టి పరిశీలన పనిని అరగంట విడతలుగా చేయండి. మధ్యలో లేచి వేరే పని చూడండి. వీలైతే ఇద్దరు విడివిడిగా చూడండి. ఒకరు చూసి సంతకం పెట్టాక రెండోవాళ్ళు ఆ సంతకాన్ని చూసి ఊరుకుంటే, ఇద్దరు చూసిన లాభం ఉండదు.

మీరే వరుస పెట్టేటప్పుడు

వెతకడం ఎంత తేలికవుతుందో సర్దే రోజునే తేలిపోతుంది. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్ కోడ్ ఇందుకు చక్కని నమూనా. ఆరంకెల్లో మొదటిది ప్రాంతాన్ని, మొదటి మూడు కలిసి సార్టింగ్ జిల్లాను, చివరి మూడు పోస్టాఫీసును చెబుతాయి. 50తో మొదలైతే తెలంగాణ సర్కిల్, 51, 52, 53 అయితే ఆంధ్రప్రదేశ్ సర్కిల్. ఎడమ నుంచి ఒక్కో అంకె చదివినకొద్దీ చూడాల్సిన మేర తగ్గిపోతుంది. మీ ఫైళ్ళకూ అలాగే సంవత్సరం, గ్రామం, వరుస సంఖ్య అన్న క్రమంలో నంబరు ఇవ్వండి.

కంప్యూటరులో ఫైలు పేర్లు పెట్టేటప్పుడు 1, 2, 3 అని కాకుండా 001, 002, 003 అని పెట్టండి. లేకపోతే చాలా చోట్ల 1 తర్వాత 10, 100 వచ్చి, ఆ తర్వాత గానీ 2 రాదు. సర్వే నంబరు 124/2 కోసం చూసేటప్పుడు 124/10 దానికి ముందే వస్తే కంగారు పడేది ఇందుకే. తేదీని సంవత్సరం, నెల, రోజు అన్న క్రమంలో రాస్తే, అక్షరక్రమమూ కాలక్రమమూ ఒకటే అవుతాయి. ఫైలు బయటికి తీసినప్పుడు ఆ ఖాళీలో ఎవరు, ఎప్పుడు తీసుకెళ్ళారో రాసిన అట్ట పెట్టండి. ఆ అట్ట తర్వాతి మనిషికి అరగంట మిగిలిస్తుంది.

‘లేదు’ అనే ముందు ఐదు ప్రశ్నలు

ఉండాల్సిన చోట లేదు, ఇరుగు పొరుగు రెండూ చూశారు. ఇప్పుడు అడగాల్సినవి ఇవి.

1. ఇంకో రకంగా రాసి ఉండొచ్చా? ఇంగ్లిష్‌లో లక్ష్మిని కొందరు ‘కె, ఎస్, హెచ్’తో, కొందరు ‘ఎక్స్’తో రాస్తారు. జాబితాలో ఈ రెండూ చాలా దూరంగా పడతాయి. శ్రీనివాస్, చౌదరి లాంటి పేర్లకు మూడు నాలుగు రూపాలున్నాయి.

2. ఇంకో పేరు కింద ఉండొచ్చా? ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా? ‘కె. వెంకటరావు’ను ‘కె’ దగ్గర పెట్టారా, ‘వె’ దగ్గరా? పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ళు పాత జాబితాల్లో పుట్టింటి పేరుతోనే ఉంటారు.

3. జాబితాకు తోక ఉందా? కొత్తగా చేర్చిన పేర్లు చాలాసార్లు చివర అనుబంధంగా వస్తాయి. ఓటర్ల జాబితాలోనూ ఇంతే. అసలు జాబితాలో లేదంటే పని అయిపోయినట్టు కాదు.

4. పక్కకు జారిందా? వరుస తప్పిన ఫైలు ఎక్కడికో పోదు. రెండంకెలు తారుమారై 1285 బదులు 1258 దగ్గరో, అంతకు ముందు సంవత్సరం కట్టలోనో, లావుపాటి పక్క ఫైలు లోపలో ఉంటుంది. ఈ మూడూ చూడండి.

5. కంప్యూటరు నిజంగా వెతికిందా? స్కాన్ చేసిన బొమ్మల్లో కంట్రోల్-ఎఫ్‌కు అక్షరాలు దొరకవు. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగును యూనికోడ్‌లో టైపు చేసిన మాటతో వెతికితే అది పట్టుకోదు. పేరుకు ముందో వెనకో ఖాళీ పడినా కొన్నిసార్లు దొరకదు. పేరులో మూడు నాలుగు అక్షరాలతోనే వెతకండి.

ఇన్నీ చూశాక కూడా కనబడకపోతే అప్పుడు లేదని చెప్పండి. చెప్పేటప్పుడు ఒట్టి ‘లేదు’ అనకండి. ‘లక్ష్మి పేరుతో ఈ నెల జాబితాలో, చివరి అనుబంధంలో చూశానమ్మా, కనబడలేదు. ఆధార్‌లో మీ పేరు ఎలా ఉంది?’ అని అడగండి. ఎక్కడ చూశారో విన్న మనిషి, చూడని చోటు ఏదో తానే చెప్పగలుగుతుంది. ‘ఆధార్‌లో మా పుట్టింటి ఇంటిపేరే ఉంది బాబూ’ అన్న ఒక్క మాటతో పేరు బయటపడవచ్చు. బయటపడకపోయినా, దరఖాస్తు మళ్ళీ ఎక్కడ పెట్టుకోవాలో తెలుసుకుని వెళుతుంది. జాబితా మన చేతిలో ఉంది కాబట్టి అంత మాట చెప్పే బాధ్యతా మనదే.